లైట్స్... కెమెరా... కుక్కర్ విజిల్!

ఇంట్లోనే వీడియోలు తీద్దామనుకోగానే అందరి చూపూ కెమెరా మీదికే వెళుతుంది. నిజానికి డబ్బు పెట్టాల్సింది ముందుగా అక్కడ కాదు. ఆ మాటకొస్తే, డబ్బు పెట్టకుండానే సర్దుకోవాల్సినవి బోలెడున్నాయి.

ఓ ఇంటిని ఊహించుకోండి. అపార్టుమెంటులో మూడో అంతస్తు. రెండు పడగ్గదులు, ఓ హాలు, దానికి ఆనుకునే వంటగది. ఆ ఇంటి కోడలు ఒకప్పుడు హైస్కూల్లో లెక్కల టీచరు. పాప పుట్టాక ఉద్యోగం మానేసింది. ఇప్పుడు పాప బడికెళుతోంది. పగలంతా ఖాళీ. పదో తరగతి లెక్కల్ని వీడియోలుగా తీసి యూట్యూబ్‌లో పెడితేనో... అన్న ఆలోచన వచ్చింది. ఇంట్లో అందరికీ నచ్చింది. మామగారైతే చానల్‌కి పేరు కూడా పెట్టేశారు. సరిగ్గా అప్పుడే చీటీ పాడిన డబ్బు అరవై వేలు చేతికొచ్చింది. ఇంకేముంది, ఆదివారం పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ కెమెరాల దుకాణానికి బయల్దేరారు.

వాళ్లను గుమ్మం దగ్గరే ఆపాలి. ఆపగలిగితే ఆ అరవై వేలలో యాభై వేలకు పైగా మిగులుతాయి. మళ్లీ చీటీ పాడుకునేదాకా ఇంట్లో మరో అవసరం రాదన్న భరోసా ఏముంది? పైగా వాళ్ల జేబులో ఇప్పటికే ఓ కెమెరా ఉంది. నాలుగైదేళ్ల కిందటి స్మార్ట్‌ఫోన్ అయినా సరే, వెనకవైపు కెమెరాతో తీస్తే పాఠానికి సరిపోయే బొమ్మ వస్తుంది. ఫోనుకి చేతకానిది ఒక్కటే- ఆరడుగుల దూరం నుంచి మాటను శుభ్రంగా పట్టుకోవడం.

బొమ్మ మసకైనా సరే...

టీవీలో సినిమా చూస్తుంటాం. బొమ్మ కాస్త మసకబారిందనుకోండి, సర్దుకుపోతాం. అదే మాట గరగరలాడితే? వెంటనే రిమోట్ అందుకుంటాం. ఫోనులో చూసేవాళ్లకు ఓపిక ఇంకా తక్కువ. పైగా చాలామంది వీడియోలను చూడరు... వింటారు! కూర తరుగుతూనో, బట్టలు మడతపెడుతూనో ఫోనుని గోడకు ఆనించి పక్కన పెట్టుకుంటారు. ఆ చిన్న స్పీకరులోంచి మాట స్పష్టంగా రాకపోతే వేలు పక్క వీడియో మీదికి జారిపోతుంది. కాబట్టి స్టూడియో అంటే ముందు చెవికి సంబంధించిన వ్యవహారం. కన్ను సంగతి తర్వాత.

గృహప్రవేశం నాడు సామాను చేరని కొత్తింట్లో మాట్లాడి చూశారా? గంగాళంలో తలపెట్టి మాట్లాడినట్టుంటుంది. మంచాలు, పరుపులు, బీరువాలు, తెరలు వచ్చాక అదే గదిలో ఆ మోత పోతుంది. గది మారలేదు, గోడలు మారలేదు. మాట గోడకు తగిలి వెనక్కి రాకుండా పరుపులూ తెరలూ మింగేశాయంతే. ఇంటి స్టూడియో రహస్యమంతా ఇందులోనే ఉంది.

మన ఇళ్లకు నేలమీద టైల్సో గ్రానైటో, నెత్తిమీద కాంక్రీటు స్లాబు, నాలుగు పక్కలా నున్నటి గోడలు. ఎండాకాలంలో చల్లగా ఉంటుందని, తుడుచుకోవడం తేలికని నేలను నున్నగా చేయించుకుంటాం. మంచిదే. కానీ మైకుకి ఆ నున్నదనమే శత్రువు. నోట్లోంచి వచ్చిన మాట ఒకసారి నేరుగా మైకుకి చేరుతుంది. అదే మాట నేలకీ, గోడకీ, స్లాబుకీ తగిలి కాస్త ఆలస్యంగా మళ్లీ చేరుతుంది. రెండూ కలగాపులగమై 'బాత్‌రూమ్ గొంతు' వినిపిస్తుంది. ఎంత ఖరీదైన కెమెరా కొన్నా ఈ రోగం కుదరదు.

మీ గదికి ఈ రోగం ఉందో లేదో తెలుసుకోవడానికి డాక్టరు అక్కర్లేదు. నడిమధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పుడు 'టప్' మని అక్కడే ఆగిపోతే ఫర్వాలేదు. వెనకాల సన్నగా 'ఙ్ఙ్' మని సాగిందా, ఆ గదికి వైద్యం కావాలి. ఇంట్లో ఉన్న గదులన్నిట్లోనూ ఇలా కొట్టి చూడాలి. సాధారణంగా గెలిచేది హాలు కాదు, సామానుతో కిక్కిరిసిన చిన్న పడగ్గది. మంచం మీద పరుపు, కిటికీకి బరువైన తెర, గోడకు పుస్తకాల అర... ఇవన్నీ అక్కడ ముందే ఉంటాయి. అందంగా ఉంటుందని హాల్లో సోఫా ముందు కూర్చుని తీసేవాళ్లు పొరపాటు పడేది ఇక్కడే.

ఇంకా మోత మిగిలితే బొంతలు బయటకు తీయాలి. బట్టలు ఆరేసుకునే స్టాండు ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. దాని మీద రెండు బొంతలో, రగ్గులో మడతేసి కప్పి, మాట్లాడే మనిషికి ఎదురుగా, ఫోను వెనకాల నిలబెట్టండి. మాట ముందుకే ఎక్కువ వెళుతుంది కాబట్టి ముందు అటు వైపు ఆపాలి. బొంతను గోడకు అతికించినట్టు కాకుండా బెత్తెడు ఎడం ఉంచితే ఇంకా బాగా పనిచేస్తుంది. కాళ్ల కింద ఓ జంపఖానా పరిస్తే నేల సంగతీ తీరిపోతుంది. బట్టలు నిండుగా ఉన్న బీరువా తలుపులు తెరిచిపెట్టినా మేలే. వీడియోలో కనిపించనంతవరకూ అందంతో పనేముంది!

అన్నట్టు... కోడిగుడ్ల అట్టలు. గోడ నిండా వాటిని అతికిస్తే స్టూడియో అయిపోతుందని ఎవరు పుట్టించారోగానీ ఈ నమ్మకం చావడం లేదు. ఆ పలచటి అట్టకు మాటను మింగే శక్తి చాలా తక్కువ. నిప్పు రవ్వ తగిలితే మాత్రం క్షణాల్లో అంటుకుంటుంది. బోలెడన్ని వైర్లు ఉండే గదిలో అలాంటివి పెట్టుకోవడం ప్రమాదం. థర్మోకోల్ షీట్లూ అంతే. వాటికి మరో ఉపయోగం ఉంది, అది తర్వాత.

జానెడు దూరంలో...

ఇప్పుడు ఒక్క వస్తువు కొనాలి. కాలరు మైకు. చొక్కాకో, చీర పైటకో క్లిప్పుతో పెట్టుకునేది. వైరుతో ఉండే మామూలు రకం వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. కొనేముందు ఫోనుకి ఇయర్‌ఫోన్ పెట్టుకునే గుండ్రటి రంధ్రం ఉందో లేదో చూసుకోవాలి. కొత్త ఫోన్లలో చాలావాటికి అది లేదు. అలాంటప్పుడు సీ టైప్ పిన్ను ఉన్న మైకు తీసుకోవాలి. ఈ చిన్న సంగతి మరిచిపోయి రెండుసార్లు దుకాణానికి తిరిగేవాళ్లు ఎందరో.

మైకు ఎంత దగ్గరుంటే అంత మంచిదని అందరూ అంటారు. ఎందుకు? నోటికి, మైకుకి మధ్య దూరం రెట్టింపైతే నేరుగా చేరే మాట బలం సగం కాదు, నాలుగో వంతుకు పడిపోతుంది. గదిలోని మోత మాత్రం అలాగే ఉంటుంది. అంటే దూరం పెరిగేకొద్దీ మనిషి తగ్గి గది పెరుగుతుందన్నమాట. గడ్డానికి జానెడు కింద మైకు పెట్టుకుంటే గది వెనక్కి తగ్గుతుంది. పట్టుచీరా, గలగలలాడే గాజులూ, పొడవాటి గొలుసూ ఆ కాసేపటికి పక్కన పెట్టాలి. పైట మైకుకి రాసుకుంటే వచ్చే బరబర శబ్దాన్ని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా తీసేయలేదు.

మొదట ఓ నిమిషం మాట్లాడి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినాలి. ఇది మాత్రం తప్పనిసరి. గంటసేపు పాఠం చెప్పాక మైకు పిన్ను సరిగ్గా దిగలేదని తెలిస్తే ఎలా ఉంటుందో ఆలోచించండి.

కాకుల్ని తరిమే ఉద్యోగం

గది లోపలి మోత వేరు, బయటి నుంచి వచ్చే చప్పుడు వేరు. బొంతలు మొదటిదాన్ని మింగుతాయి. రెండోదాన్ని ఆపలేవు. బయటి చప్పుడు ఆగాలంటే బరువైన గోడలు, సందుల్లేని తలుపులు కావాలి. అద్దె ఇంట్లో అవి జరిగే పనులు కావు. తలుపు కింద సందులో పాత దుప్పటి చుట్టిపెట్టడం, కిటికీ రెక్కలు బిగించడం వరకే మన చేతిలో ఉంది.

ఈ తలనొప్పి కొత్తదేం కాదు. 1934లో మద్రాసులోనే తయారైన తొలి తమిళ టాకీ 'శ్రీనివాస కల్యాణం' సంగతే తీసుకోండి. ఎ.నారాయణన్ తన శ్రీనివాస సినీటోన్‌లో తీశారు. సౌండు రికార్డింగు చూసింది ఆయన భార్య మీనా నారాయణన్. మన దేశంలో ఆ పని చేపట్టిన తొలి మహిళగా ఆమెను చెప్పుకుంటారు. ఆ రోజుల్లో ఎండ వెలుగులో, ఆరుబయటే షూటింగు. సరిగ్గా టేకు సమయానికి కాకులు మొదలెట్టేవట. వాటిని తరమడానికే ప్రత్యేకంగా మనుషుల్ని పెట్టుకునేవాళ్లని మద్రాసు సినిమా కబుర్లు చెప్పేవాళ్లు అంటుంటారు.

కాకుల బదులు ఇప్పుడు కుక్కరు. దానికి తోడు మైకులో 'టమాటా కిలో...' అంటూ వచ్చే కూరగాయల ఆటో, లిఫ్టు తలుపు, పైఫ్లాటు వాళ్ల మిక్సీ, తెల్లవారుజామున గుడి మైకులో సుప్రభాతం. వీటన్నిటితో యుద్ధం చేసేకన్నా రెండు రోజులు ఓ కాగితం మీద రాసి పెట్టుకోవడం మేలు. ఏ చప్పుడు ఏ వేళకి వస్తోంది? చాలా అపార్టుమెంట్లలో పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకి వెళ్లాక పదకొండు నుంచి ఒంటిగంట దాకా ఓ ప్రశాంతమైన వేళ దొరుకుతుంది. కొన్నిచోట్ల రాత్రి పదిన్నర తర్వాతే.

ఇంట్లో చప్పుళ్లలో మొదటి ముద్దాయి ఫ్యాను. మే నెలలో విజయవాడలో ఫ్యాను ఆపి తలుపులు మూసుకుని పాఠం చెప్పమంటే శిక్షే! అందుకే ఒక్కో టేకు ఐదారు నిమిషాలకు మించకుండా తీసి, మధ్యలో ఫ్యాను వేసుకోవాలి. ఒక్కో లెక్కకు ఒక్కో టేకు. చూసే పిల్లలకూ అదే సౌకర్యం. రికార్డింగు మొదలయ్యాక పది సెకన్లు ఏమీ మాట్లాడకుండా ఊరుకుంటే ఆ గది సహజమైన హోరు ఒక్కటే రికార్డవుతుంది. ఉచితంగా దొరికే 'ఆడాసిటీ' లాంటి సాఫ్ట్‌వేరుకి ఆ పది సెకన్లు నమూనాగా ఇస్తే మిగతా పాఠంలోంచి ఆ హోరును చాలావరకు తగ్గిస్తుంది.

సాఫ్ట్‌వేరుతో కాని పని ఒకటుంది. అత్తగారి సీరియల్. రోజూ రెండు గంటలు ఇల్లంతా నోరు నొక్కుకుని కూర్చోవాలంటే మొదటి వారం సరదాగానే ఉంటుంది. రెండో వారానికి 'మా ఇంట్లో మేం గట్టిగా మాట్లాడుకోకూడదా' అన్న మాట వస్తుంది. అందులో అన్యాయమేమీ లేదు. గదికి అద్దె కట్టకపోయినా, ఇంటి చప్పుడును అద్దెకు తీసుకుంటున్నట్టే కదా. అందుకే వారానికి రెండే రోజులు, ఫలానా వేళ అని అందరూ కూర్చుని ముందే అనుకోవాలి. సగంలో ఆగిపోయిన ఇంటి చానళ్లను కదిపితే కెమెరా లేక ఆగినవాటికన్నా ఇంట్లో కుదరక ఆగినవే ఎక్కువ కనిపిస్తాయి.

కిటికీని మించిన లైటు లేదు

మచిలీపట్నం నుంచి మద్రాసు వెళ్లి సినిమాకు బాట వేసిన రఘుపతి వెంకయ్య, ఆయన కుమారుడు ప్రకాశ్ 1921లో 'స్టార్ ఆఫ్ ది ఈస్ట్' సంస్థ పెట్టారు. దాన్ని గ్లాస్ స్టూడియో అని కూడా పిలిచేవారు. అద్దాల్లోంచి వచ్చే ఎండే లైటు! అంతకుముందు 1893లో అమెరికాలోని న్యూజెర్సీలో ఎడిసన్ కట్టించిన తొలి సినిమా స్టూడియో 'బ్లాక్ మరియా' ఇంకా తమాషా. పైకప్పు తెరుచుకునేది. సూర్యుడు ఎటు తిరిగితే అటు గదినే తిప్పేవాళ్లు. ఖర్చు 637 డాలర్లు. మన కోడలికి ఆ ఖర్చూ లేదు. గదిని తిప్పక్కర్లేదు, కుర్చీ తిప్పుకుంటే చాలు.

కిటికీ వీపు వెనక ఉండకూడదు. ఉంటే మనిషి నల్లటి నీడలా కనిపిస్తుంది. ముఖానికి ఓ పక్కగా, కాస్త ముందుకు ఉండాలి. ఎండ నేరుగా పడుతుంటే పలచటి తెల్ల పంచె అడ్డం కడితే వెలుగు మెత్తబడుతుంది. రెండో చెంప మీద నీడ ఎక్కువైతే ఇందాక పక్కన పెట్టిన థర్మోకోల్ షీటు అటువైపు నిలబెట్టండి. వెలుగు దాని మీద పడి ముఖం మీదికి తిరిగొస్తుంది. మాటకు పనికిరాని థర్మోకోల్ వెలుగుకి భేషుగ్గా పనికొస్తుంది. సినిమా షూటింగుల్లోనూ దాన్ని ఇందుకే వాడతారు.

రాత్రిళ్లు తీసేవాళ్లకు ఇంకో చిక్కు. వీడియోలో అడ్డంగా నల్లటి చారలు పాకుతుంటాయి. ఫోను పాడైందని కంగారుపడతారు. దోషం ఫోనుది కాదు. మన కరెంటు సెకనుకు యాభై ఆవృత్తాలది. దానివల్ల చౌకరకం ఎల్‌ఈడీ బల్బులు కంటికి తెలియకుండా సెకనుకు వందసార్లు రెపరెపలాడతాయి. ఫోన్లేమో సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంటాయి. రెండిటికీ లెక్క కుదరదు. ఫోనులో 'ప్రో' అనే అమరిక ఉంటే 25 ఫ్రేములు, షట్టరు వేగం 1/50 పెడితే చారలు మాయం. లెక్కల టీచరుకి ఇది చెప్పాలా!

ఇక కెమెరా గురించి చెప్పాల్సింది నిజంగానే తక్కువ. అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడవాలి. చేతి జిడ్డు వల్ల వచ్చే మసకే చాలామంది 'పాత ఫోను' అనుకునే జబ్బు. ఫోను కళ్ల ఎత్తులో ఉండాలి. ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, లేకపోతే మంచి ఊపులో ఉండగా చిన్నాన్న ఫోను చేస్తారు. స్థలం ఖాళీ ఉందో లేదో చూసుకోవాలి. ఫుల్ హెచ్‌డీలో నిమిషానికి ఫోనును బట్టి 60 నుంచి 130 ఎంబీ దాకా పడుతుంది.

పాఠాలకైతే అసలు ముఖం కనిపించాల్సిన పనే లేదు. రెండు పుస్తకాల దొంతర్ల మీద ఓ చెక్క అడ్డంగా వేసి, దాని అంచున ఫోను కిందికి చూసేలా పెడితే సరి. కింద నోటు పుస్తకం, నల్లటి స్కెచ్ పెన్ను, రాస్తున్న చెయ్యి. చెక్క రెండో చివర బరువు పెట్టడం మరిచిపోకూడదు. తెల్లబోర్డు వాడితే లైటు పక్క నుంచి రావాలి, ఎదురుగా వస్తే తళతళ మెరిసి అంకెలు కనిపించవు. పాతకాలం నల్లబల్లకు ఆ బాధే లేదు.

డబ్బు ఎప్పుడొస్తుంది?

మామగారి ప్రశ్న ఇదే. యూట్యూబ్ నిబంధనల ప్రకారం ప్రకటనల ఆదాయంలో వాటా రావాలంటే వెయ్యి మంది చందాదారులు ఉండాలి. దాంతోపాటు గడిచిన పన్నెండు నెలల్లో జనం ఆ చానల్‌ను 4000 గంటలు చూసి ఉండాలి. లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కి కోటి వీక్షణలు రావాలి. 4000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున మూడు నిమిషాలు చూస్తారనుకుంటే 80,000 సార్లు చూడాలి. అదీ ఏడాదిలో. అంత చేశాక పెద్ద వీడియోల ప్రకటనల ఆదాయంలో 55 శాతం తీసినవాళ్లకి వస్తుంది. రానే రాదని కాదు. కానీ వాయిదాల మీద కెమెరా కొంటే మొదటి నెల వాయిదా కట్టాల్సిన తేదీ నాటికి మాత్రం రాదు.

గుంటూరు జిల్లా గుడివాడ గ్రామంలో మస్తానమ్మ వంటలను 2016లో తీయడం మొదలెట్టినప్పుడు స్టూడియో ఎక్కడుంది? పొలం గట్టు, మూడు రాళ్ల పొయ్యి. నూరేళ్లు దాటిన వయసులో, 2018 డిసెంబరులో కన్నుమూసేనాటికి ఆమెను ప్రపంచం చూసింది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 'మై విలేజ్ షో' వాళ్లకూ ఊరే సెట్టు. వ్యవసాయ కూలీగా బతికిన గంగవ్వ ఆ వీడియోలతోనే ఇంటింటికీ తెలిసి 2020లో బిగ్‌బాస్ దాకా వెళ్లారు. అందరూ వాళ్లయిపోతారని కాదు. చెప్పడానికి ఏదో ఒకటి ఉన్నవాళ్లు పరికరాల కోసం ఆగలేదని మాత్రం తెలుస్తోంది.

కాబట్టి మైకుకి వెయ్యి, ఫోను స్టాండుకి మరో వెయ్యి ఖర్చుపెట్టి పది వీడియోలు తీసి చూడాలి. పదీ పూర్తిచేసేదాకా మిగతా డబ్బు బ్యాంకులో ఉండాలి. పదకొండోది తీయాలన్న కోరిక అప్పటికీ ఉంటే, లోటు ఏమిటో అనుభవమే చెబుతుంది. లైటో, రెండో మైకో, నిజంగానే కెమెరాయో.

రెండు జాగ్రత్తలు మాత్రం మొదటి వీడియోకే కావాలి. నేపథ్యంలో సినిమా పాట పెడితే యూట్యూబ్ కంటెంట్ ఐడీ పట్టేస్తుంది. ఆ వీడియో మీద వచ్చే ఆదాయం పాట హక్కుదారులకు పోవచ్చు, వీడియోనే ఆగిపోవచ్చు. యూట్యూబ్ ఆడియో లైబ్రరీలో ఉచిత సంగీతం ఉంది. రెండోది ఇంకా ముఖ్యం. తీసింది ఎక్కించేముందు వెనకాల ఏం కనిపిస్తోందో ఓసారి ఆపి చూడాలి. గోడకు తగిలించిన పాప స్కూలు గుర్తింపు కార్డు, బల్ల మీద చిరునామా కనిపించే కరెంటు బిల్లు, కిటికీలోంచి బండి నంబరు... ఇంటి స్టూడియో అంటే ఇంట్లోకి ఊరందరినీ పిలవడమే మరి.

ఇంతకీ ఆ ఇంట్లో ఏమైంది? మొదటి రోజు. పదకొండు గంటలు. బొంతలు కట్టారు, ఫ్యాను ఆపారు, తలుపు కింద దుప్పటి దూర్చారు. 'పిల్లలూ, ఈ రోజు వర్గ సమీకరణాలు...' అనగానే వంటింట్లోంచి కూత. కోడలు తలుపు తీసి, 'అత్తయ్యా, ఇంకెన్ని విజిల్స్?' అంది. 'కందిపప్పమ్మా, ఇంకో మూడు. అయ్యాక నేనే తలుపు తడతాలే, అప్పుడు మొదలెట్టు' అన్నారావిడ. మూడూ వచ్చాయి. తలుపు తట్టారు. రెండో టేకు అద్భుతంగా వచ్చింది. ఐదు నిమిషాలు, ఎక్కడా తడబాటు లేదు.

చివర్లో చూసుకుంటే మైకు పిన్ను సగమే దిగింది.